కరెంటు చాలని బండి

జూలై 6, ఆదివారం

నజీరుద్దీన్ నన్ను నిలువునా ముంచాడు. ట్యాక్సీ స్టాండులో చెప్పుకుంటే నవ్వుతారు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మంచిర్యాలలో కార్ల సౌండుకు నజీర్ భాయ్‌ని మించినవాడు లేడని అందరూ అంటే నమ్మి పోయాను. డిక్కీలో డప్పు మోతకు పెద్ద వూఫర్ పెట్టె, సీటు కింద యాంప్లిఫయర్, నాలుగు తలుపులకు నాలుగు స్పీకర్లు పెట్టాడు. సాయంత్రం నా భార్య వనజను ఎక్కించుకుని గోదావరి బ్రిడ్జి దాకా పోయాను. పాట పెట్టాను. డప్పు దెబ్బ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. సరే, అది ఒక సంగతి. అసలు పాడే మనిషి గొంతే లేదు. డప్పు ఉంది, మనిషి లేదు. గోడ అవతల ఎవరో మూలిగినట్టు ఏదో వస్తుంది.

సిరిసిల్లలో ఇరవై రెండేళ్లు సాంచలు నడిపాను. మా యజమాని శ్రీహరి ఆసామి షెడ్డులో ఎప్పుడు చూసినా ఆ మరమగ్గాల మోతే. పక్క సాంచ దగ్గర ఉన్నవాడితో మాట్లాడాలన్నా పెదవులు చూసి అర్థం చేసుకునేవాళ్లం. ఆ మోతలో పాట అనే మాటకే చోటు లేదు. అక్కడి నుంచి బయటపడి ఈ ఏడు సీట్ల బండి కొనుక్కుని కిరాయిలు కొట్టడం మొదలుపెట్టినప్పుడు నేను కోరుకున్నది ఒక్కటే. నా బండిలో పాట వినాలి. ప్రతి మాటా వినాలి.

వనజ "మంచిగనే ఇనవడుతున్నది కదయ్యా" అంది. ఆమెకు ఏది పెట్టినా మంచిగనే ఉంటుంది.

జూలై 8

పొద్దున్నే దుకాణం తెరవకముందే పోయి నిలబడ్డాను. నజీర్ బానెట్ ఎత్తి చూసి ముఖం మాడ్చుకున్నాడు. అతని దగ్గర పనిచేసేవాడు సన్నటి వైరు లాగాడట. అంత పెద్ద యాంప్లిఫయర్‌కు అది సరిపోదట.

"తప్పు మాదే అన్నా. ట్యాంకు నిండ నీళ్లున్నా పైపు సన్నగుంటే నల్లకు ఏమొస్తది? గట్లనే అయింది."

కనీసం ఒప్పుకున్నాడు. బ్యాటరీ నుంచి వెనక దాకా బొటనవేలంత రాగి వైరు లాగాడు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాడు. ఎర్తు వైరు బిగించేచోట రంగు గీకి, ఇనుము తళతళలాడేదాకా తోమి బిగించాడు. ఇప్పుడు లైట్లు మసకబారడం లేదు.

గొంతు మాత్రం రాలేదు. చెప్తే, "వస్తున్నది కదన్నా?" అని నావైపు అదోలా చూశాడు. పని సగం చేసి పూర్తి చేశానని నమ్మించాలంటే అట్లాగే చూడాలి కాబోలు.

జూలై 15

ఈ కాలపు మనుషులకు నోరు తెరిచి మాట్లాడటం రాదు. ఇవాళ బెల్లంపల్లి నుంచి ఒక కుటుంబాన్ని కరీంనగర్ తీసుకుపోతున్నాను. పెద్దపల్లి దాటాక వెనక నుంచి ఎవరో నా భుజం పట్టి గుంజారు. ఉలిక్కిపడి బ్రేకు వేశాను. అప్పటికే చంటిది సీటు మీద కక్కుకుంది.

"ఎన్నిసార్లు మొత్తుకోవాలె ఆపుమని? చెవుల సీసం పోసుకున్నవా?" అని ఆ పెద్దమనిషి నా మీదికి వచ్చాడు.

మొత్తుకున్నాడట! గొంతులో గొణుక్కుని, మొత్తుకున్నామంటే ఎట్లా? పాట కూడా పెట్టుకోలేదు నేను. నేను కూడా నాలుగు అన్నాను. సీటు కడిగింది నేను. తిట్లు తిన్నది నేను. దిగేటప్పుడు వాళ్లతో వచ్చిన ముసలమ్మ కూడా ఏదో అంది. అదీ గొణుగుడే.

జూలై 16

మళ్లీ విన్నాను. గొంతు లేదు.

జూలై 20

స్టాండులో కొండల్ నా తర్వాతి నంబరు బండివాడు. "రా, కూసో, నువ్వే చెప్పు" అని ముందు సీట్లో కూర్చోబెట్టి పాట పెట్టాను. రెండు నిమిషాలు కూడా ఆగలేదు, చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు.

"తగ్గియ్యి సిద్దన్నా! తలకాయ పలుగుతున్నది!"

"గొంతు వస్తున్నదా?"

"గొంతా? ఆమె నా నెత్తి మీద కూసొని పాడుతున్నది!"

కొండల్‌కు పాట గురించి ఏం తెలుసు? వాడి బండిలో ఉన్నది రేడియో. డప్పు మోగితే పాట అనుకునే రకం.

బ్యాటరీ చిన్నదై ఉంటుంది. అదే అయి ఉంటుంది. డప్పు మొత్తం కరెంటు తాగేసి, గొంతుకు ఏమీ మిగల్చడం లేదు. ఇంత చిన్న సంగతి నజీర్‌కు తెలియదా? తెలిసి కూడా చెప్పలేదు.

జూలై 22

పెద్ద బ్యాటరీ వేయించాను. నజీర్ వద్దన్నాడు. పట్టుబట్టి వేయించాను. డప్పు ఇంకా గట్టిపడింది, గుండెల్లో దడ పుడుతోంది. గొంతు అంతే.

జూలై 27, ఆదివారం

మా మమతారాణిని కరీంనగర్ నుంచి ఇంటికి తెచ్చాను. అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, హాస్టల్లో ఉంటుంది. వనజ కూడా వచ్చింది. తల్లీబిడ్డలు వెనక కూర్చున్నారు. దారంతా ఒకటే వాన, వైపర్లు ఆగలేదు.

పెద్దపల్లి ఇవతల మమత ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అద్దంలో చూస్తే తల వంచుకుని ఉంది, నుదురు తప్ప ఏమీ కనిపించలేదు. చాలాసేపే చెప్పింది. వాన చప్పుడులో ఏమీ తెలియలేదు. డ్యూటీల సంగతో, హాస్టల్ కూడు సంగతో అయి ఉంటుంది. ఆగిపోయి అద్దంలోకి నావైపు చూసింది. పిల్లలు ఏదైనా చెప్పుకున్నప్పుడు తండ్రి ఒక మాట అనాలి కదా. "మంచిది బిడ్డా" అన్నాను.

రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. వనజ కూడా కళ్లు తుడుచుకుంది. ఇల్లు వదిలి ఉంటున్న పిల్ల, దిగులు ఉంటుంది. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ పిల్ల కూర్చున్నప్పుడు పాట పెట్టి చూపిద్దామనుకున్నాను. కుదరలేదు.

ఆగస్టు 3

ఇంట్లో అంతా సంబరంగా ఉంది. వనజ రెండుసార్లు మటన్ వండింది. అడిగితే, "నీ అసొంటి మనిషి ఉండడయ్యా" అంటుంది. ఎందుకో తెలియదు. బాగానే ఉంది.

మమత రోజూ ఫోన్ చేస్తోంది, అదీ నాకే. ఇంతకుముందు తల్లికే చేసేది. కానీ ఈ ఫోన్లు ఏం పాడుగానో, గరగర తప్ప మాట రాదు. "మంచిగున్నవా బిడ్డా, తిన్నవా బిడ్డా" అని వనజకు ఇచ్చేస్తున్నాను. నెల నెలా పైసలు గుంజుకునే కంపెనీలు మనిషి మాట మనిషికి చేర్చలేవా? అన్నిటికీ ఇదే రోగం.

ఆగస్టు 12

ఇవాళ నజీర్ సంగతి తేల్చేశాను.

యాంప్లిఫయర్ దగ్గర మీటర్ పెట్టి, ఇంజిన్ మీద పాట పూర్తిగా పెంచి, ముల్లు చూపించాడు. "చూడు అన్నా. పదమూడున్నర వోల్టుల కంటె తగ్గుతలేదు. కరెంటు నిండ ఉన్నది."

"ఉంటే గొంతేది?"

మీటర్ వైర్లు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"పెద్ద డైనమో ఎక్కియ్యి. బ్యాటరీ నింపేది అదే కదా, అది చాలుతలేదు" అన్నాను.

"నేనెక్కియ్య అన్నా. అక్కర లేదు. ఇంక పెడితే నీ బండే ఖరాబైతది."

"అక్కర ఉందో లేదో చెప్పెటోనివి నువ్వెవనివి? బండి నాది!"

"బండి నీదే. జర సల్లబడు అన్నా. మనిద్దరం లోపల కూసొని మాట్లాడుదాం, రా."

లోపల కూర్చోబెట్టి చాయ్ పోసి మాయ చేద్దామని! దుకాణం ముందు నలుగురైదుగురు ఉన్నారు, కొండల్ కూడా ఉన్నాడు. అందరూ వినేటట్టే అన్నాను, వీడు దొంగ, నకిలీ డబ్బాలు అంటగట్టి కరెంటు మీద నెపం పెడుతున్నాడు అని. అప్పటిదాకా కరెంటు మీద నెపం పెట్టింది నేనే కదా అని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. అయినా సరే. నజీర్ ముఖం ఎర్రబడింది. నోరు తెరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లను చూసి మూసుకున్నాడు. నిజం లేనివాడికి మాట ఎక్కడి నుంచి వస్తుంది?

ఆగస్టు 13

స్టాండులో అందరికీ చెప్పాను. రైల్వే గేటు దగ్గరివాళ్లకు కూడా.

ఆగస్టు 24

కరీంనగర్‌లో ఒక పెద్ద దుకాణం దొరికింది. లోపల ఏసీ ఉంది. నేను చెప్పిందల్లా విని, "మీరు చెప్పింది కరెక్ట్ సార్, పవర్ చాలట్లేదు" అన్నాడు. మొదటిసారి ఒక మనిషి నా మాట విన్నాడు! పెద్ద డైనమో, వెనక ఇంకో బ్యాటరీ, రెంటినీ కలుపుతూ కొత్త వైరు. సాయంత్రానికి బిగించి ఇచ్చారు.

ఆగస్టు 26

డప్పు పెరిగింది. గొంతు రాలేదు.

నజీర్ దుకాణం ముందు నుంచి వచ్చాను. ఒక్క బండి లేదు. స్టూలు మీద ఒక్కడే కూర్చుని పేపరు చూస్తున్నాడు. అనుభవించాలి.

సెప్టెంబర్ 7, ఆదివారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం కిరాయి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరో భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. ముందు అరటిపండ్లు, స్వీట్ల డబ్బా. వనజ కొత్త చీర కట్టుకుంది. మమత కరీంనగర్ నుంచి బస్సులో వచ్చింది, నాకు చెప్పనే లేదు. ఆయన లేచి నాకు దండం పెట్టాడు. బెల్లంపల్లి అట, బొగ్గు బావిలో పని అట. వాళ్ల కొడుకు రంజిత్ మమత పనిచేసే ఆసుపత్రిలోనే రక్తపరీక్షలు చేస్తాడట. ముహూర్తం సంగతి మాట్లాడదామని వచ్చారట.

ముహూర్తం! ఎవరి ముహూర్తం? వాళ్లు మా పద్మశాలీలు కూడా కాదు.

"ఎవ్వలు రమ్మన్నరు మిమ్ముల?" అన్నాను. చాయ్ గ్లాసు ఆయన చేతిలో అట్లాగే ఉండిపోయింది. ఆమె నా ముఖం చూసి, వనజ ముఖం చూసి, కొంగు సర్దుకుని లేచింది. ఇంకా ఏమేమో అన్నాను. అవి రాయను. చాయ్ తాగకుండానే పోయారు.

మమత నా ముందుకు వచ్చి నిలబడింది. "నువ్వే మంచిదన్నవు కదా బాపు?"

"నేనా? ఎప్పుడన్న?"

"బండిల వచ్చేటప్పుడు. వాన పడ్డనాడు. రంజిత్ సంగతి అంతా చెప్పిన. వాళ్లు మనోళ్లు గాదని చెప్పిన. నువ్వొద్దంటే ఈడికే ఇడిసిపెడుతనని కూడ చెప్పిన. నువ్వు మంచిది బిడ్డా అన్నవు. నేను ఏడ్సిన కూడ."

"అనలే! నేను గట్ల అననే లేదు!"

"అన్నవయ్యా" అంది వనజ. "నేను పక్కనే ఉన్న. నా చెవులతోని ఇన్న."

ఇద్దరూ ఒక్కటై నన్ను పిచ్చివాణ్ని చేస్తున్నారు. ఇంటి పెద్దకు తెలియకుండా పెండ్లి కుదుర్చుకుని, నేనే ఒప్పుకున్నానని నా నెత్తిన రుద్దుతారా?

సెప్టెంబర్ 8

మమత పొద్దున బస్సుకు పోయింది. దింపుతానన్నాను. వద్దంది.

సెప్టెంబర్ 9

ఒకవేళ అన్నాననే అనుకుందాం. ఆడపిల్ల ఏదో చెప్తుంటే మంచిది అంటాం. అది ఒప్పుకోవడం ఎట్లా అవుతుంది? సరిగ్గా ఎదురుగా కూర్చుని, ముఖం చూసి చెప్పాల్సిన మాట వెనక సీట్లో కూర్చుని చెప్తారా? తప్పు వాళ్లది.

తప్పు వాళ్లదే.

సెప్టెంబర్ 12

మధ్యాహ్నం స్టేషన్ ముందు బండి ఆగిపోయింది. కాలిన వాసన. బానెట్ ఎత్తితే పొగ. కొండల్ తాడు కట్టి లాగాడు. ఎక్కడికి అని అడగకుండా నజీర్ దుకాణం ముందుకు తెచ్చి ఆపాడు. దిగనన్నాను. "ఇంకెవ్వలున్నరు సిద్దన్నా ఈడ? కాలుతున్నది బండి" అన్నాడు.

నజీర్ వచ్చాడు. ఒక్క మాట అనలేదు. బ్యాటరీ పట్టీ ఊడదీసి, ఆ కరీంనగర్ వైరు వెంట వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. ఇంజిన్ గదిలోంచి లోపలికి వచ్చే రంధ్రం దగ్గర రేకు అంచుకు రాసుకుని వైరు తోలు లేచిపోయింది. దానికి ఫ్యూజే లేదు.

"ఫ్యూజుంటే అదొక్కటే పోతుండె. లేకపాయె, వైరే కాలవట్టింది. కిరాయి మనుషులున్నప్పుడు గిట్ల కాలితే ఏమైతుండె అన్నా?" అన్నాడు. అంతే. తిట్టలేదు. ఆ వైరు మొత్తం పీకేసి తన రాగి వైరు మళ్లీ బిగించాడు.

పని అయ్యాక కొండల్‌ను చాయ్ తెమ్మని పంపాడు. నన్ను బండిలో కూర్చోమన్నాడు. వెనక ఏవో బిగిస్తున్నాడనుకుని నేను స్టీరింగ్ మీద మసి తుడుచుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి ముందు తలుపు తీసి నా పక్కన కూర్చున్నాడు. నా ముఖానికి ఎదురుగా తిరిగాడు. నెమ్మదిగా చెప్పాడు.

"అన్నా. నేను ఎన్క సీట్ల కూసొని నీ పేరు పెట్టి పిలిచిన. మల్ల పిలిచిన. మీ అమ్మాయి పేరు చెప్పిన. బండికి మంటలంటుకున్నయ్ అని కూడ అన్న."

నేను మళ్లీ స్టీరింగ్ తుడవబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"కరెంటు ఎన్నడూ తక్కువ లేదు అన్నా."

బయట ఆటో ఒకటి పోయింది. పోవడం చూశాను. నాకు కోపం ఎంత వచ్చిందంటే, అతని చొక్కా పట్టుకున్నాను. "తెల్సా నీకు? ఎప్పటి సంది తెల్సు?"

"మీటర్ పెట్టిననాడే అనుమానమొచ్చింది. లోపలికి రా, కూసొని మాట్లాడుదామంటే నువ్వు రాలే."

"మరి గానాడు నలుగురి ముందు దొంగ అన్నప్పుడు ఎందుకు నోర్మూసుకున్నవ్? ఆడ్నే చెప్పకపోయినవా, ఈనికి చెవులు లేవని!"

"ఎట్ల చెప్తనే?" అతనికి కూడా కోపం వచ్చింది. "స్టాండోళ్లంత ఉన్నరు. చెవులు ఇనవడని డ్రైవర్ అని పేరొస్తే నీ బండి ఎవ్వలెక్కుతరు? నన్ను దొంగ అంటే కొన్నిదినాలు అంటరు, మర్చిపోతరు. నీ బతుకు పోతది కదన్నా."

కొండల్ చాయ్ తెచ్చాడు. నేను తాగలేదు. ఇంటికి వచ్చేశాను.

సెప్టెంబర్ 13

ఎవడు అడిగాడు వీడి దయ? నేను అడిగానా? దొంగ అని అరుస్తుంటే ఓర్చుకుని, దుకాణం ఖాళీ అవుతుంటే ఓర్చుకుని, నన్ను కాపాడాడట. నెల రోజులు వీడి ముందు నుంచి ఛాతీ విరుచుకుని బండి నడిపాను. అది తలచుకుంటే అన్నం దిగడం లేదు.

సెప్టెంబర్ 15

చెవుల డాక్టరు దగ్గరికి పోయాను. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చారు. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కమన్నారు. మొదట్లో కొన్నిసార్లు నొక్కాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. మరచిపోయారేమో, ఎప్పుడు మొదలుపెడతారో అని కూర్చున్నాను. తలుపు తీసి, అయిపోయింది, రమ్మన్నారు.

డాక్టరమ్మ మంచిది. నా ముఖం చూస్తూ చెప్పింది. డప్పులాంటి లావు శబ్దాలు నాకు ఇంకా అందుతాయట. సన్నటివి పోయాయట. మాటను మాటగా తెలిసేట్టు చేసేవి అవేనట. ఏం పని చేసేవారని అడిగింది. సాంచలు అన్నాను. తల ఊపింది, ముందే తెలిసినట్టు. మోత అరగదీసింది తిరిగి రాదట. చెవి యంత్రం పెట్టుకుంటే కొంత నయమట. అది వచ్చేదాకా కిరాయికి తీయొద్దంది. బండి తాళాలు కొండల్‌కు ఇచ్చేశాను.

వనజకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను.

"నాకు ఎర్కనే కదయ్యా. నీతోని మాట్లాడాలంటే ముందు భుజం మీద చెయ్యేస్త. ఎన్నేండ్ల సంది ఏస్తున్న? నువ్వు సూడవైతివి."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. రెండుమూడుమాట్ల చెప్పిన. నువ్వు లొల్లి పెట్టుకుంటివి. ఏదో కొంచెం తక్కువనుకున్న గని, బండిల గంత ముచ్చట ఇనలేదని నాకేమెర్క?"

అందరికీ తెలుసు. ఊరంతా కలిసి నా దగ్గర దాచారు. కాదు. నేనే నా దగ్గర దాచుకున్నాను. ఏది రాయాలో తెలియడం లేదు.

సెప్టెంబర్ 19

సిరిసిల్ల పోయాను, బస్సులో. శ్రీహరి ఆసామిని అడగాలి. ఇరవై రెండేళ్లు నా చెవుల మీద గుడ్డ నేసి అమ్ముకున్నావు, ఒక్కనాడు చెవుల్లో పెట్టుకోమని దూది ముక్క ఇచ్చావా అని. దారంతా ఆ మాటలే కూర్చుకున్నాను.

షెడ్డులో సగం సాంచలు ఆగి ఉన్నాయి. ఆసామి ముసలివాడయ్యాడు. వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. ఎదురుగా నిలబడి మొత్తం అడిగాను. నేను చెప్తున్నంతసేపూ నా నోటి వైపే చూశాడు. అయిపోయాక, "పని లేదు సిద్దిరాములూ. ఆర్డర్లు రాలే. ఉన్నోళ్లకే లేదు" అన్నాడు.

పని కోసం కాదు, చెవుల కోసం అని అరిచాను. ఆయన కూడా అరిచాడు, పని లేదంటే అర్థం కాదా అని. నేను అరిచాను, ఆయన అరిచాడు. పండ్లు లేని నోటిలో మాటలు నాకు సరిగ్గా కనబడలేదు. చివరికి ఆయన భార్య లోపలి నుంచి వచ్చి, ఆయన ముఖం తనవైపు తిప్పుకుని, తన చెవి చూపించి, నన్ను చూపించింది. ఆయన తన చెవి మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

ఆయన కూడా ఆ షెడ్డులోనే కూర్చున్నాడు కదా, అన్నేళ్లూ.

అంత కోపం పట్టుకుని పోయాను. దాన్ని ఎక్కడ దించాలి? మోసుకుని తిరిగి వచ్చాను.

సెప్టెంబర్ 21

స్టాండుకు పోయాను. అందరూ ఉన్న వేళ చూసుకునే పోయాను. నజీర్ భాయ్ దొంగ కాదని, అతను పెట్టిన సామాను అసలుదని, నాకే చెవులు పోయాయని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకడు మాత్రం, మరి ఇన్నాళ్లు బండెట్ల నడిపినవు అన్నాడు. అడగాల్సిన మాటే.

తర్వాత నజీర్ దగ్గరికి పోయాను. చెయ్యి పట్టుకుందామనుకున్నాను. అతనే పట్టుకున్నాడు. "ఫికర్ చెయ్యకు అన్నా. యంత్రం రానీ, వూఫర్ తీసేద్దాం. అంత పెద్దది నీకెందుకు? చిన్న స్పీకర్ల మీద గొంతు మంచిగ తెలుస్తది" అన్నాడు. తీసేయమన్నాను.

సెప్టెంబర్ 23

కరీంనగర్ పోయాను. ఆసుపత్రి వెనక చెట్ల కింద సిమెంటు బెంచీలు ఉన్నాయి. మమత డ్యూటీ బట్టల్లోనే వచ్చి పక్కన కూర్చుంది. లేచి ఎదురు బెంచీ మీద కూర్చోమన్నాను.

"బిడ్డా, ఆనాడు బండిల చెప్పింది మల్ల ఒక్కసారి చెప్పు. తల వంచకు."

"మల్ల తిట్టనీకె వచ్చినవా?"

"నేను ఇనలేదు బిడ్డా. నాకు చెవులు పోయినయ్. నువ్వు చెప్పిందాంట్ల ఒక్క మాట ఇనలే. వాన సప్పుడనుకున్న. వాన సప్పుడు కూడ ఇనలే నేను."

నర్సు కదా, నా చెవులను పట్టి చూస్తుందనుకున్నాను. అట్లా చేయలేదు. ముఖం పాలిపోయింది. "అంటే నువ్వు ఒప్పుకోలేదన్నట్టే కదా" అంది. తర్వాత, "నెలన్నర నేను ఎంత సంబురపడ్డ బాపు. హాస్టల్ల అందరికి చెప్పిన. మా బాపు ఒక్క మాట ఎదురడగలే, నా ముఖం చూసి మంచిదన్నడు, గసొంటి బాపు ఎవ్వలకు లేడని చెప్పిన" అంది.

అప్పుడు వినిపించి ఉంటే వద్దనేవాణ్ని. ఇక్కడ అబద్ధం రాసుకోవడం ఎందుకు? వాళ్లు మనవాళ్లు కాదు, బంధువులు ఏమంటారు అని దారి పొడుగునా తిట్టేవాణ్ని. ఆ పిల్ల ఇడిసిపెట్టేది.

కానీ నెలన్నర నేను మంచి తండ్రిని. రోజూ ఫోన్ చేసింది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు తెలియకుండా ఎవరో నా పేరుతో అంత మంచివాడుగా బతికాడు, నేను మాత్రం ఆ సమయంలో బ్యాటరీలు మార్చుకుంటూ కూర్చున్నాను. ఎంత అన్యాయం! వాణ్ని వదులుకుని మళ్లీ ఇంటికి పోయి ఈ సిద్దిరాములుగానే ఉండాలా?

"మొదటి నుంచి చెప్పు. ఎవ్వలా పిలగాడు?" అన్నాను.

చెప్పింది. ఒక్కో మాట నిదానంగా, ముఖం ఎత్తి. డ్యూటీకి పిలుపు వచ్చినా లేవలేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

వనజ, నేను, నజీర్ భాయ్ బెల్లంపల్లి పోయాం. కొండల్ బండి నడిపాడు. నజీర్‌ను నేనే రమ్మన్నాను, నా మాట నేను పాడుచేసుకుంటే ఆపడానికి ఒక మనిషి ఉండాలని.

గడపలోనే చెప్పాను, ఆనాడు నా ఇంట్లో మీకు జరిగింది తప్పని. రంజిత్ తల్లి నావైపు చూడలేదు. తండ్రి కుర్చీ వేశాడు. తర్వాత రంజిత్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మంచి ఎత్తరి. చేతులు కట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. పై పెదవి మొత్తం కప్పేసే మీసం! దువ్వి, నూనె రాసి, కింది పెదవి మీదికి దించాడు. మాటలన్నీ దాని వెనకే ఆగిపోతున్నాయి. నాకు మళ్లీ పాత కోపమే వచ్చింది. మమత నాకు అన్నీ చెప్పింది, ఇది మాత్రం చెప్పలేదు. తల ఊపబోయాను, అలవాటు కదా. ఆపుకున్నాను.

"బాబూ, నాకు చెవులు ఇనవడయ్. నోరు చూసి అర్థం చేసుకుంట. నీ మీసాలల్ల నీ మాట నాకు కనబడుతలేదు" అన్నాను.

నజీర్ భాయ్ నేల చూపులు చూస్తున్నాడు. ఆ పిల్లవాడు తల్లి వైపు చూశాడు, లేచి లోపలికి పోయాడు. కోపం వచ్చిందనుకున్నాను. వస్తే వచ్చింది.

వచ్చేసరికి మీసం లేదు. తొందరలో గీక్కున్నాడేమో, పెదవి పైన ఒకచోట రక్తం చుక్క. తల్లి కొంగుతో అద్దబోతే వద్దన్నాడు. నా ఎదురుగా మళ్లీ కూర్చుని మొదటి నుంచి చెప్పాడు. మమతను ఎట్లా చూశాడో, వాళ్లింట్లో ఎట్లా ఒప్పించాడో, మా ఇంటి నుంచి తల్లిదండ్రులు అట్లా తిరిగి వచ్చిననాడు ఎంత కోపం వచ్చిందో, అది కూడా దాచకుండా చెప్పాడు. ఒక్కచోట అర్థం కాక ఆపించి మళ్లీ చెప్పించుకున్నాను. విసుక్కోలేదు.

అయిపోయాక అతని తండ్రి వైపు తిరిగి, ముహూర్తం ఎప్పుడు చూపిద్దాం అని అడిగాను. మరీ గట్టిగా అడిగినట్టున్నాను, వీధిలో పోతున్న ఇద్దరు ఆగి లోపలికి చూశారు. రంజిత్ తల్లి లేచి చాయ్ పెట్టడానికి పోయింది.